దుర్గారావు బావ రాసిన ఇరవై నిమిషాలు

మా అక్క మొగుడు దుర్గారావు బావంత మొండి మనిషి రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ మొత్తంలో లేడు. ఊరి బయట సిల్తారాలో ఓ ఫ్యాక్టరీలో లోడింగ్ సూపర్‌వైజరు. సంచులు ఎత్తే ప్రతి లారీకీ పందొమ్మిదేళ్లుగా రిజిస్టరులో గంటా ఇరవై నిమిషాలు రాశాడు. నిజానికి గంట చాలు. మిగతా ఇరవై నిమిషాలూ హమాలీలు రేకుల నీడన చతికిలబడి బాసి నీళ్లు, మన తరవాణి లాంటివి, తాగేవారు. రాయపూర్ మే నెల ఎండ తెలిసినవాణ్ని, అది తప్పని నేననను.

పోయినేడు కంపెనీవాళ్లు కొత్త ప్లానింగ్ పెట్టారు. ఏ లారీ ఏ ప్లాట్‌ఫారానికి ఎప్పుడు రావాలో కోట్ల రకాలుగా అమర్చొచ్చట. మామూలు కంప్యూటరు పనికిరానివి ఏరిపారేస్తుంది. చిక్కుముడి మిగిలితే ఎక్కడో విదేశంలో ఉన్న క్వాంటం యంత్రాన్ని అడిగి, వచ్చిన జవాబును మళ్లీ తనే సరిచూస్తుంది. ఆ రెండింటికీ మేతగా బావ రిజిస్టర్లే వేశారు. నెల తిరగకుండా గేటు బయట లారీల వరస సగమైంది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

ఆపైన ఇంకో జవాబు వచ్చింది. చేత్తో ఎత్తే రెండో ప్లాట్‌ఫారం నెమ్మది, లారీకి గంటా ఇరవై నిమిషాలు తింటోంది, మూసేస్తే మేలు అని. అంటే పద్దెనిమిది మంది పని పోయినట్టే. బావ నిజం చెబితే పందొమ్మిదేళ్ల దొంగ రాత బయటపడుతుంది, చెప్పకపోతే వాళ్ల పొయ్యి ఆరిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడు రోజులు పిచ్చివాడిలా తిరిగి, ప్లానింగ్ చూసే ప్రియదర్శిని దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, ఆ ఇరవై నిమిషాలు ఝూట్. నానే రాసీసినాను. గంటే పడతాది."

ఆ పిల్ల మంచిదే. "విశ్రాంతి అని విడిగా రాద్దాం సర్. కానీ పైవాళ్లు ఒప్పుకోవాలి," అంది.

పైవాళ్లు ఒప్పుకోలేదు. మధ్యాహ్నం లంచ్ ఉందిగా అన్నారు. బావకి మెమో ఇచ్చారు. గంట లెక్కన యంత్రాలను మళ్లీ అడిగితే రెండో ప్లాట్‌ఫారం నిలిచింది. ఒక్కరి పనీ పోలేదు. గంటకో లారీ, మధ్యలో సందు లేదు.

మర్నాడు పదకొండింటికి లారీ నిండింది. ముసలి హమాలీ చాందిని అలవాటుగా నీడలోకి నడిచి, చెంబు చేతిలోకి తీసుకుని ఆగింది. వెనక ఇంకో లారీ అప్పటికే రివర్స్‌లో వస్తోంది.

"బైఠన్ కా, సాహెబ్?" కూర్చోమంటావా అని అడిగింది.

"ఉఠావ్," సంచి ఎత్తమన్నాడు బావ.

ఆమె చెంబు కింద పెట్టి సంచి అందుకుంది. ఆ ఒక్క మాట అన్నందుకు బావ రెండు రోజులు అన్నం ముట్టలేదు.