మెయిల్ కంపెనీ మీద నేను వేసిన నింద

తామ్వే పేటలో మా తెలుగువాళ్ళ వీధి మొత్తానికి ఈమెయిల్ కనెక్షన్ ఉన్నది నా ఒక్కడికే. ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో రంగూన్‌లో ఆ సర్వీసు దొరకడమంటే మాటలు కాదు. దరఖాస్తు పెట్టాలి, వార్డు ఆఫీసు నుంచి మంచివాడినని చీటీ తేవాలి, దేశం సంగతులేవీ రాయనని సంతకం చేయాలి. లత పేటలో మినుములు ఎగుమతి చేసే ఆఫీసులో ఉత్తరాలు రాసే గుమాస్తాను కాబట్టి, మా యజమాని మాట సాయంతో నాకు వచ్చింది. ఫోన్ తీగకు మోడెం పెట్టె తగిలిస్తే కీచుమని గోల చేసేది. పదిసార్లు ప్రయత్నిస్తే ఒకసారి కలిసేది. కలిసినా ఉత్తరాలు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. అవీ కంపెనీ ఆఫీసులో ఎవరో చూశాకే వదులుతారని అందరం అనుకునేవాళ్ళం. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అర్థంకాక ఇంకో రోజు అట్టే పెడతారని మా అనుమానం. ఆ కంపెనీని నేను తిట్టని రోజు లేదు. ఆ తిట్లలో చాలావాటిని ఈరోజుకీ వెనక్కి తీసుకోను. ఒక్కదాన్ని మాత్రం తీసుకోవాలి.

వీధివాళ్ళ బంధువులంతా నా అడ్రసుకే రాసేవారు. నేను అచ్చు తీసి, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. పోస్టుమాస్టరుగారని వెక్కిరించేవారు. దాచుకోవడమెందుకు, ఆ వెక్కిరింత నాకు ఇష్టంగానే ఉండేది. ఎవరింటి సంగతైనా ముందు నాకే తెలియడం తలకెక్కింది.

మా పక్కింటావిడను నేను అప్పా అని పిలుస్తాను. అక్కను మేం అలాగే అంటాం. చుట్టరికం లేదు గానీ, నన్ను సొంత తమ్ముడిలా చూసింది. ఆవిడ అన్న చిన్నప్పుడే చిన్నాన్న వెంట ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. మళ్ళీ చూసుకోలేదు. నా కనెక్షన్ వచ్చాక ఆయన కొడుకు అక్కడి ఇంటర్నెట్ షాపు నుంచి రాయడం మొదలుపెట్టాడు. అలాగే ఒకసారి, నాన్నకు జబ్బు ముదిరిందని రాశాడు. అన్న బతకాలని అప్ప అమ్మవారికి నిప్పుల గుండం తొక్కుతానని మొక్కుకుంది. పసుపు కంకణం కట్టుకుని, పది రోజులు ఒంటిపూట తింటూ, చాప మీద పడుకుంటూ నిష్ఠగా ఉంది.

మూడో రోజు నా మెయిల్‌కి ఒక ఉత్తరం వచ్చింది. పౌర్ణమినాడు పొద్దున్న నాన్న పోయారు, అత్తకు చెప్పండి అని.

అలవాటుగా అచ్చు తీశాను. కబురు చెబితే ఆవిడకు మైల. మైల వస్తే కంకణం విప్పేయాలి. మొక్కు మధ్యలో విడిస్తే ఇంటికి కీడని మావాళ్ళ భయం. పూజారిని అడిగితే ఏదో దారి చెప్పేవాడేమో, అడగలేదు. ఆవిడ మంచి కోసమేనని నాకు నేనే సర్దిచెప్పుకుని కాగితం మడిచి బట్టల పెట్టెలో పెట్టాను. ఆ వారం రోజులూ ఆవిడకు ఎదురుపడకుండా తప్పుకు తిరిగాను.

పదో రోజు ఆవిడ గుండం తొక్కింది. మర్నాడు నేను ఉత్తరం వచ్చిన తేదీ ఉన్న పై వరసలు చించేసి, మిగతా కాగితం పట్టుకెళ్ళి వాకిట్లో నిలబడి చదివాను. చావు ఉత్తరం ఇంట్లో ఉంచరు కాబట్టి, ఏడుస్తూనే ఆవిడ దాన్ని ముక్కలు చేసి పారేసింది. చనిపోయి ఇన్నాళ్ళయితే కబురు ఇప్పుడా రావడం అని ఎవరో అడిగారు. "ఆ కంపెనీవాళ్ళు ఆపేశారు" అన్నాను. అందరూ నమ్మారు. నమ్మకేం, వాళ్ళ పేరు అలాంటిది.

ఆ సర్వీసు ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, నెట్ మాత్రం ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు కోస్తారో తెలియదు. మొన్న అప్ప ఇంట్లో ఉండగా, వాళ్ళ మనవరాలు విశాఖపట్నంతో మాట్లాడుతుంటే మధ్యలో తెగిపోయింది. అప్ప పాత కథ ఎత్తుకుంది.

"ఇదేటి కొత్తా? ఆ కంపినీవోల్లు మా అన్న సావుకబురు వారం దినాలు నొక్కెట్టీసినారు. సచ్చిపోయినోడు బతకాలని నాసేత నిప్పులు తొక్కించీసినారు. నువ్వే సెప్పు తమ్ముడూ."

ఇన్నేళ్ళూ ఆ మాటకు తలూపుతూ వచ్చాను. ఆరోజు తల ఊగలేదు. "ఆపింది కంపెనీ కాదప్పా, నాను" అన్నాను. మూడో రోజే వచ్చిందని, కంకణం చూసి చెప్పలేకపోయానని, అంతా చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"గుండం దాటీసి, కాళ్ళు పాలల్లో ఎట్టకుండానే నీ దగ్గిరకొచ్చినాను. అన్న కబురేటైనా ఒచ్చిందా అని అడిగినాను. గేపకముందా?"

ఉందన్నాను.

"నవ్వినావు తమ్ముడూ. నవ్వి, ఇంకా రాలేదప్పా, మంచి కబురే ఒస్తాది అన్నావు."

రాలేదని అబద్ధం చెప్పిన సంగతి నాకు బాగా గుర్తుంది. నవ్విన సంగతి గుర్తు లేదు. మంచి కబురు వస్తుందన్న సంగతీ గుర్తు లేదు. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.