వెనక తలుపు మీద ఓటింగు

నలుగురూ చేతులెత్తి తీర్మానించినంత మాత్రాన నిప్పు కాల్చడం మానేస్తుందా? మీరే చెప్పండి. ఆ రోజుల్లో ఇలాంటి ప్రశ్న ఏదో ఒకటి వేయనిదే నాకు పూట గడిచేది కాదు. కళాశాల వక్తృత్వ పోటీల్లో గెలిచిన కప్పులను ఇంటి దగ్గర వదిలి, ఆ జబ్బును మాత్రం వెంటబెట్టుకుని, గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది సౌదీలో బురైదా పట్నం శివార్లలోని ఒక నిర్మాణ కంపెనీ క్యాంపులో సూపర్‌వైజరుగా దిగాను. ఎడారి అంటే ఎండేనని నమ్మి ఒక్క స్వెట్టరైనా తెచ్చుకోలేదు (ఆ సంగతి మాత్రం ఎవరినీ అడగలేదు). చలికాలం ముదిరేసరికి, ఆరుబయట బకెట్టులోని నీళ్ల మీద తెల్లవారేటప్పటికి మంచు అప్పడంలా పేరుకునేది.

మా ఆరుగురి చెక్క గదికి రెండు తలుపులు. యుద్ధం రోజుల్లో విషవాయువు భయంతో వెనక తలుపు సందులన్నీ వెడల్పాటి టేపుతో మూసేశారట. యుద్ధం పోయింది, టేపు ఉండిపోయింది. ముందు తలుపు పక్కన కరెంటు హీటరు ఎర్రగా కాలుతుంటే, మంచం మీద నాకు కుదురుండేది కాదు. ఒక సాయంత్రం లేచి టేపంతా పీకేశాను. సందుల్లోంచి గాలి నా మీదికొచ్చింది. వెంటనే గది మొత్తం నా మీదికొచ్చింది. "అటువైపు నిప్పంటుకుంటే మనం ఎటు పోవాలి?" అని సభను నిలదీశాను. నిజామాబాద్ నుంచి వచ్చిన మేస్త్రీ మామ ముసుగులోంచి తల మాత్రం బయటపెట్టి, "అల్లుడా, చలి రోజూ వస్తది. అగ్గి రోజూ వస్తదా?" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఓటింగులో నాకు ఒక్క ఓటు పడింది, అది నాదే. ఓడినవాడు తీర్మానాన్ని శిరసావహించాలన్నది నా సిద్ధాంతం గనుక, మళ్లీ టేపు వేసిందీ నేనే. ఉక్రోషంతో సరిగా వేయలేదన్న మాట రాకూడదని ఒక పొర ఎక్కువే వేశాను.

తర్వాత వచ్చిన శుక్రవారం, సెలవు పొద్దున, మా కడప ఎలక్ట్రీషియను తడి మేజోళ్లను హీటరు మీద ఆరేసి మళ్లీ ముసుగుతన్నాడు (హీటరు జాగ్రత్త అని మాకు రోజూ చెప్పేది ఆయనే). "ఏందబ్బా ఈ కంపు?" అని మొదట అడిగిందీ ఆయనే. అప్పటికే మంట పక్క మంచాన్ని పట్టుకుని ముందు తలుపుకు అడ్డం నిలిచింది. అందరం వెనక తలుపు మీద పడ్డాం. నా టేపు చెక్కుచెదరలేదు. పొగలో దగ్గుతూనే, "నేనారోజే మనవి చేశాను..." అని అందుకున్నాను.

"గెలిచినవ్ తియ్! ముందు టేపు గుంజు!" అంటూ మేస్త్రీ మామ నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

గోళ్లు విరిగాయి, టేపు చిరిగింది, తలుపు తెరుచుకుంది. చెప్పుల్లేకుండా చలిలోకి దొర్లిపడ్డాం. కొళాయి తిప్పితే గడ్డకట్టిన గొట్టం మూలిగింది తప్ప చుక్క రాలలేదు. నేను బకెట్టెత్తి మంట వైపు విసరబోతే, అందులో మిగిలిన కాసిని నీళ్లూ గడ్డకట్టి, ఆ మంచు ముక్క జారి ఎలక్ట్రీషియను పాదాల మీద పడింది. "నన్నేల సంపుతావ్ సామీ, మంట ఆడుంటే!" అని ఆయన గెంతాడు. మామ అరిచాడు: "ఇసుకల నిలవడి నీళ్లు దేవులాడుతున్నరేందిరా!" కనుచూపు మేర ఇసుకే ఉందన్న విషయం అప్పుడు గుర్తించాం. బయట కడిగి బోర్లించిన అన్నం పళ్లేలతో ఎత్తిపోసి మంటను చంపాం. రెండు మంచాలూ హీటరూ పోయాయి, మనుషులం మిగిలాం.

అక్కడే, పళ్లు టకటకలాడుతుండగా, పాత తీర్మానాన్ని పునఃపరిశీలించవలసిందిగా సభను కోరాను. "చేతులు లేస్తలేవు అల్లుడా, కొంకర్లు వోయినయ్. లేపినమనుకో" అన్నాడు మామ.

అలా నా జీవితంలోకెల్లా గొప్ప వాదంలో ఏకగ్రీవంగా గెలిచాను. ఆ చలికాలమంతా, టేపు లేని తలుపు పక్కన, హీటరు లేని గదిలో, ఉన్న చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వణుకుతూ పడుకున్నాను. ఆ వణుకులో ఎవరైనా మళ్లీ ఓటింగు పెట్టి ఉంటే, నా ఓటు ఎటు పడేదో ఈ వయసులోనూ గట్టిగా చెప్పలేను. మీరు మాత్రం ఈ పుస్తకాన్ని ఇక్కడే బోర్లించి, లేచి వెళ్లి, మీ ఇంట్లో ఎప్పుడూ వాడని ఆ రెండో తలుపు తెరుచుకుంటుందో లేదో ఒక్కసారి చూడండి. దానికి అడ్డంగా ఏముంటే అది తీసేయండి. దయచేసి ఇంట్లో ఎవరి అభిప్రాయమూ అడగకండి.