అంగట్లో 'లేదు' అనరు

గైడు సార్ నా ఫారాల కట్టను బల్ల మీద పడేసి "సుళ్ళు" అన్నారు. అంటే అబద్ధం. ఆయన నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడతారు. కోపం వస్తేనే కన్నడంలోకి పోతారు.

చిక్కబళ్ళాపురంలో ఎంబీఏ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. వ్యాపార కుటుంబాల్లో పెత్తనం ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా చేతులు మారుతుందన్నది నా విషయం. చింతామణి, బాగేపల్లి బజార్లలో అంగడి అంగడికీ ఎక్కి యజమానులను అడిగి, వాళ్ళు చెప్పిన జవాబులు నా చేత్తోనే రాసుకున్నాను. ఆ కట్ట మొత్తంలో ఒక్కటంటే ఒక్క 'లేదు' లేదు.

"అందరూ ఇష్టంతోనే వ్యాపారంలోకి వచ్చారా? అందరూ కొడుకుల సలహా అడుగుతారా? అందరి బిడ్డలూ అదే అంగట్లో కూర్చుంటారా?" అన్నారు సార్. "ఇంట్లో కూర్చొని నువ్వే నింపుకున్నావు. సోమవారం కమిటీ ఉంది. ఆలోగా ఇది నిజమని చూపించు. లేకపోతే నీ రిజిస్ట్రేషన్ తీసేయమని నేనే రాసిస్తాను."

ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళు ఎండలో తిరిగి అరిగిపోయిన చెప్పులు ఆయన బల్ల మీద పెట్టి రావాలనిపించింది. పెట్టలేదు కానీ, నోరు మూసుకొని కూడా రాలేదు. నా రాతలో అబద్ధముంటే నా ఉద్యోగం కూడా వదిలేస్తానని తలుపు దగ్గర నిలబడి అనేసి వచ్చాను. బస్సెక్కాక గానీ ఎంత మాటన్నానో తెలియలేదు.

మరుసటి రోజు పొద్దున్నే చింతామణి వెళ్ళాను. పూజ సామాన్ల అంగడి పెద్దాయనను మళ్ళీ మొదటి నుంచీ అడిగాను.

"పెద్ద నిర్ణయాలప్పుడు మీ కొడుకును అడుగుతారా అప్పా?"

"ఆఁ, అడగతాను కదమ్మా. రాసుకో."

వెనకాల పొట్లాలు కడుతున్న కొడుకు, నలభై దాటినవాడు, తల పైకెత్తి ఫ్యాను వైపు చూశాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ 'అవును' దగ్గర టిక్కు పెట్టాను. అంతలో ఒకావిడ వచ్చి గంధం చెక్క ఉందా అని అడిగింది.

"రేపొస్తాదమ్మా," అన్నాడు పెద్దాయన.

గంధం చెక్క ఉండాల్సిన అరలో దుమ్ము మాత్రమే ఉంది. అది రేపు రాదు, ఎల్లుండీ రాదు. నా చేతిలో పెన్ను అలాగే ఆగిపోయింది.

నాకు ఏడేళ్ళప్పుడు బాగేపల్లిలో మా కిరాణా అంగట్లో కూర్చొని, ఎవరో అడిగితే "బెల్లం లేదు" అన్నాను. మా అవ్వ నోటి మీద ఒక్కటి వేసింది. "అంగట్లో లక్ష్మి ఉంటాది. లేదంటే లేకుండానే పోతాది," అంది. ఆ రోజు నుంచి నేను కూడా అంగడి మెట్టెక్కితే ఆ మాట అనను. కోమటింట్లో పుట్టినదాన్ని, ఈ కట్టుబాటులోనే పెరిగినదాన్ని, ప్రశ్నలన్నీ తీసుకెళ్ళి అంగట్లోనే అడిగాను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే.

"అప్పా, ఒక్క నిమిషం కిందికి దిగి ఆ టీ అంగడి కాడికి వస్తారా?"

ఆయన వింతగా చూసినా వచ్చాడు. అదే ప్రశ్న మళ్ళీ అడిగాను. ఆయన టీ ఊదుకుంటూ, "వాణ్ణేం అడిగేది? నేను చెప్తాను, వాడు చేస్తాడు," అన్నాడు.

అక్కడి నుంచే సార్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన కరగలేదు. "ఇప్పుడు జవాబులు మార్చి తెస్తావా? ఒక అంగట్లో నేనే అడుగుతాను. ఈ కట్టలో మీ నాయన ఫారం కూడా ఉంది కదా, అక్కడికే పోదాం," అన్నారు.

వేరే ఏ అంగడన్నా ఒప్పుకొనేదాన్ని. నేను మా నాయనకు ఒక్కతే కూతురిని. వచ్చిన ప్రతి గిరాకీకీ ఆయన 'నా తర్వాత ఈ అంగట్లో మా పాపే కూర్చుంటాది' అని నా గురించి చెప్పుకుంటాడని మా ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఆయన ఫారం కూడా మొహం చూడకుండా ఐదు నిమిషాల్లో నింపుకొని వచ్చాను. నిజంగానే ఆయన మనసులో ఆ కోరిక ఉంటే, కింద నిలబెట్టి అడిగినా అదే జవాబు చెప్తాడు. అప్పుడు నా చదువూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. చివరికి నాకు మిగిలేది ఆ అంగడే.

ఆదివారం పొద్దున బాగేపల్లిలో సార్ మా అంగడెక్కి ఒక్కో ప్రశ్నా అడిగారు. నాయన పప్పు తూస్తూనే అన్నిటికీ ఆఁ అన్నాడు.

"మీ తర్వాత మీ పాప ఈ అంగడి చూసుకోవాలని ఉండాదా?"

"ఆఁ, ఉండాది సార్."

సార్ నా వైపు చూశారు.

"నాయనా, కొంచెం కిందికి దిగు," అన్నాను. రెండేళ్ళలో ఆయనతో నేను అన్న మొదటి మెత్తని మాట అది.

"గిరాకీ ఉండారు కదమ్మా."

"దిగు నాయనా."

తక్కెడ పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కొని దిగాడు. రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మందులంగడి నీడలో నిలబడ్డాం. సార్ అదే ప్రశ్న అడిగారు. నాయన మా అంగడి వైపు చాలాసేపు చూశాడు.

"లేదు సార్," అన్నాడు. "పదో తరగతి పరీక్షలయిన మర్నాడే మా నాయన నన్ను తెచ్చి దాంట్లో కూర్చోబెట్టినాడు. నాకి మేష్టరు కావాలని ఉండె. ఈ పాప ఆ పని చేస్తాండాది. దీన్ని తెచ్చి ఈడ కూర్చోబెడితే నాకి అన్నం దిగతాదా?"

"మరి అందరికీ అట్ల చెప్తాండావే నాయనా?"

"అందరూ అంగట్లోనే కదమ్మా అడిగేది? నువ్వూ ఆడే అడిగితివి."

సార్ నా చేతిలోంచి కొత్త ఫారం తీసుకొని, ఆ ప్రశ్న ఎదురుగా 'లేదు' అని తన చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టారు.

నాయన అప్పటికే రోడ్డు దాటి అంగడెక్కాడు. ఎదురు చూస్తున్న ముసలాయన నన్ను దూరం నుంచి గుర్తుపట్టి, "పాప వచ్చినట్లుండాదే. ఇంక అంగడి ఆయమ్మదేనా?" అని అడిగాడు.

"ఆఁ, పాపదే," అన్నాడు నాయన తక్కెడ ఎత్తుతూ.

రెండేళ్ళు ఆ మాట వింటే చాలు, మండిపడేదాన్ని. ఆ రోజు మందులంగడి ముందు నిలబడి విని, సార్ ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశాను.