తుప్పన్న మాట్లాడిన తెలుగు

గోదావరిఖనిలో మా వెనక వరుస క్వార్టర్లో ఉండే సుగుణమణి పేరు ఏ పుస్తకం మీదా అచ్చు కాలేదు. అయినా ఒకప్పుడు గోలేటి నుంచి రామకృష్ణాపూర్ దాకా ఈ బొగ్గు ఊళ్ళ పిల్లలు నోరు తెరిస్తే ఆమె రాసిన మాటలే. కథలు రాసిందనుకునేరు, కాదు. రోబో కామిక్స్‌లో బొమ్మల నోటి పక్కన తెల్లటి బుడగలుంటాయి చూడండి, ఆ బుడగల్లోని తెలుగు ఆమెది.

లోహదళం అని ఆట బొమ్మలు వచ్చిన కాలమది. రెండువేల మూడో, నాలుగో. హైదరాబాదులో ఒక కంపెనీ చేసేది. అన్నీ ప్లాస్టిక్ రోబోలు, కాళ్ళూ చేతులూ మడిస్తే ఒకటి లారీ అవుతుంది, ఇంకొకటి క్రేను. మొదట్లో డబ్బాలో ఒక మడత కాగితం పెట్టేవారు, దాని మీద ఇంగ్లీషులో చిన్న బొమ్మల కథ. మా పిల్లలు బొమ్మను వారం తిరక్కుండా విరగ్గొట్టి, కాగితాన్ని మాత్రం చిరిగేదాకా చూసేవారు. ఆ సంగతి కనిపెట్టి కంపెనీవాళ్ళు కాగితాన్ని పుస్తకం చేశారు, తెలుగులో తెద్దామనుకున్నారు. వాళ్ళ దగ్గర సేల్స్ చూసేవాడు మా ఊరి ఎల్లేశానికి బావమరిది. ఎల్లేశానికి చౌరస్తా దగ్గర ప్రెస్సు ఉంది, అందులో పెళ్ళిపత్రికలు, యూనియన్ కరపత్రాలు కంపోజు చేసేది సుగుణమణి. పని అలా ఆమె దగ్గరికి వచ్చింది.

ఆ పనికి ఆమె తగిన మనిషే. తండ్రి పాత బొగ్గు బావుల్లో పనిచేసినవాడు, ఇంట్లో వాళ్ళు మాట్లాడేది ఇక్కడి మాట. చిన్నప్పటి నుంచి చర్చిలో బైబిలు చదివి చదివి పుస్తకాల తెలుగూ ఒంటబట్టింది. భర్త అంద్రెయ భూగర్భ గనిలో ఫిట్టరు. మాటకారి, నవ్వించే మనిషి. ఒక్కతే కూతురు డెబోరా, అప్పటికి ఇంగ్లీషు మీడియం బడిలో చిన్న తరగతి.

మొదటి పుస్తకంలో రోబోలన్నీ మన మాటే మాట్లాడాయి. దళానికి నాయకుడు అగ్నిరథ్, లారీ అయ్యేవాడు, వంతెన కూలిపోతుంటే భుజం అడ్డం పెట్టి ‘ఫికర్ చెయ్యకుండ్రి, నేనున్న గద’ అంటాడు. ఆ పేజీని నేను ఇంట్లో అందరికీ చూపించాను. కంపెనీ మేనేజరుకు నచ్చలేదు. హీరో ఇలా మాట్లాడితే రాష్ట్రంలో ఎవరు కొంటారని, మంచి తెలుగు రాయమని ఫోన్ చేశాడు. ఆ యాస కావాలంటే తుప్పన్నకు ఉంచుకోమన్నాడు, పిల్లలు నవ్వుకుంటారని. తుప్పన్న అంటే దళంలో ముసలి రోబో, తుప్పు పట్టి, మడిస్తే గనిలో పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు అయ్యేవాడు. ప్రతి కథలో జారిపడతాడు, దారి తప్పుతాడు, దొంగలకు దొరుకుతాడు.

మంచి తెలుగట! మరి మనం మాట్లాడేది ఏమిటో ఆ పెద్దమనిషిని అడగాలని నాకు ఒళ్ళు మండింది. సుగుణమణికి మండలేదు. ఒక్కడికైనా మన మాట దక్కింది చాలని సంతోషపడింది. ఆ సంతోషాన్నే తర్వాత జన్మంతా తిట్టుకుంది.

తుప్పన్న మీద ఆమె ప్రాణం పెట్టింది. అగ్నిరథ్ మాటలు గబగబా రాసిపడేసి, తుప్పన్న బుడగ దగ్గర కూర్చుండిపోయేది. ఆ మాటలన్నీ అంద్రెయవే. ఆయన డ్యూటీ దిగి వచ్చి, చాయ్ తాగుతూ బావిలో జరిగిన సంగతులు చెప్పేవాడు. వచ్చే నెల తుప్పన్న అవే అనేవాడు, అదే విరుపుతో. అంద్రెయ అది చూసి మురిసిపోయి, నన్ను రోబోను చేసినవా అని భార్యను ఆటపట్టించేవాడు. తుప్పన్న వల్లే పుస్తకాలు తెగ అమ్ముడుపోయాయి. డబ్బాలో ఉచితంగా వచ్చేది కాస్తా నెలనెలా విడిగా దుకాణాలకు రావడం మొదలైంది.

డెబోరా ఐదో తరగతిలో ఉండగా బడిలో తల్లిదండ్రులను పిలిచారు. అంద్రెయ మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. మా బిడ్డ ఎట్ల సదువుతున్నది మేడం, అని టీచరును అడిగాడు. అంతే, వెనక బెంచీ నుంచి ఎవడో ‘తుప్పన్న’ అన్నాడు. క్లాసంతా అందుకుంది. టీచరు కూడా నవ్వు ఆపుకోలేక పుస్తకం అడ్డం పెట్టుకుందట.

ఆ సాయంత్రం డెబోరా తండ్రి ముందు నిలబడి చెప్పింది.

“బాపు, నువ్వు ఇంక మా బడికి రాకు. వచ్చినా మాట్లాడకు.”

“గట్లనే బిడ్డా,” అన్నాడు అంద్రెయ.

కూతురితో ఆయన మన మాటలో అన్నది అదే ఆఖరు. పోనీ కోపం తెచ్చుకున్నాడా అంటే అదీ లేదు. ఆ మంచి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. దేంట్లోంచి? భార్య రాసిన పుస్తకాల్లోంచే, అగ్నిరథ్ బుడగల్లోంచి. పొద్దున డ్యూటీకి పోతూ ‘నేను బయలుదేరుతున్నాను అమ్మా’ అనేవాడు. అన్నం దగ్గర ‘భుజించావా’ అని అడిగేవాడు. లోకాన్ని కాపాడే రోబో కూతురిని అన్నం తిన్నావా అని అడిగినట్టుండేది. మొదట్లో మేమూ నవ్వాం. అది ఆట కాదని తెలిశాక ఎవరికీ నవ్వు రాలేదు. డెబోరాతో తప్ప అందరితో ఆయన ఎప్పటిలాగే మాట్లాడేవాడు. కూతురు గడపలో అడుగు పెడితే మాట మారేది. తెలుగు వెతుక్కోవాలి గనక మాటలూ తగ్గాయి. బావి కబుర్లు అగ్నిరథ్ భాషలో చెప్పడం కుదరదు కదా, అవి ఆగిపోయాయి.

సుగుణమణి ఊరుకోలేదు. తుప్పన్న గెలిచే కథ ఒక్కటి వెయ్యమని కంపెనీని బతిమాలింది. బొమ్మలు గీసేది మేము, నువ్వు తెలుగు రాస్తే చాలన్నారు. ఒకసారి ఎవరికీ చెప్పకుండా మాటలు తారుమారు చేసింది. అగ్నిరథ్‌కు మన మాట ఇచ్చింది, తుప్పన్న నోట బైబిలు తెలుగు పెట్టింది. ప్రూఫులు తిరిగివచ్చాయి, దిద్దకపోతే పని ఇంకొకరికి ఇస్తామన్నారు. దిద్దింది. మానేద్దామంటే డెబోరా ఫీజులున్నాయి. ఆ తర్వాత చైనా బొమ్మలు వచ్చిపడ్డాయి, పిల్లలు టీవీకి అతుక్కున్నారు, లోహదళం ముందు పలచబడి, తర్వాత ఆగిపోయింది. పుస్తకాలు ఆగిపోయిన నాడు సుగుణమణి నాతో అన్నది ఒక్కటే. “అక్కా, నా మొగని నోరు నేనే కట్టేసిన. ఆయన నా బిడ్డతోని మల్ల నిండుగ మాట్లాడితే చాలు, నాకింకేమొద్దు.”

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెకు బావులు ఆగినప్పుడు శిబిరంలో మైకు అంద్రెయ చేతికి వచ్చింది. ఆయన మన మాటలో మాట్లాడుతుంటే జనం చప్పట్లు ఆపలేదు, ఆడవాళ్ళు కంటతడి పెట్టారు. కాలేజీలో చదువుతున్న డెబోరా గుంపులో వెనక నిలబడి వింది. ఆ తండ్రి తనకు తెలియనే తెలియదని ఇంటికొచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆమె తండ్రితో మన మాటే మాట్లాడింది. ఆయన మాత్రం ఆమెకు అగ్నిరథ్ తెలుగులోనే జవాబు చెప్పేవాడు.

రాష్ట్రం వచ్చిన రోజు నేను లడ్డూలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బయట పటాకులు, గులాల్. అంద్రెయ వాకిట్లో తనతో బావిలో పనిచేసే సదయ్యతో గొంతెత్తి ముచ్చట పెడుతున్నాడు, మధ్యమధ్య గట్టిగా నవ్వుతున్నాడు. లోపలికి వచ్చి కూతురిని చూడగానే ఆ గొంతు తగ్గింది. ‘మిఠాయి తీసుకున్నావా అమ్మా’ అన్నాడు.

“బాపు, సదయ్య కాకతోని మాట్లాడినట్టు నాతోని గూడ మాట్లాడు,” అంది డెబోరా.

ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఏమని మాట్లాడమంటావన్నాడు. తిన్నవా బిడ్డా అని అడగమంది. ఆయన సరేనన్నాడు, గొంతు సవరించుకున్నాడు. మాట “తిన్న...” దగ్గర ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నిస్తే “తిన్నావా అమ్మా” అనే వచ్చింది.

“నేను నవ్వ బాపు,” అంది డెబోరా, కళ్ళు తుడుచుకుంటూ.

“నువ్వు నవ్వవని నాకు తెలుసమ్మా. నోటికే తెలియడం లేదు.”

లేచి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చి కూతురి ముందు పెట్టాడు, పక్కన కూర్చున్నాడు. సుగుణమణి గుమ్మానికి ఆనుకుని వాళ్ళిద్దరినీ చూస్తూ ఉండిపోయింది. అన్నేళ్ళు బొమ్మలకు మాటలు రాసిన మనిషి, ఆయనకు ఆ ఒక్క మాట అందించలేకపోయింది.