మామ జేబులో అత్తమ్మ

ఆ రోజుల్లో, అంటే కరోనా తగ్గుముఖం పట్టి మమ్మల్ని మళ్లీ పోర్టు పనికి తోలుతున్న కొత్తలో, అబుదాబి పక్కన మఫ్రఖ్ క్యాంపులో మాకు సెలవు రోజంటే బట్టలు పిండుకోవడం, కూర వండుకోవడం, ఇంటికి వీడియో కాల్ చేయడం. మొదటి రెండూ ఎప్పుడో ఒకప్పుడు అయిపోయేవి, మూడోది అయ్యేది కాదు. పొద్దున కలిపిన కాల్‌ను పొద్దుగూకేదాకా కట్ చేయకపోవడం మావాళ్ల పద్ధతి. మాటలేమీ పెద్దగా ఉండవు. ఇక్కడ మా మేనమామ ఉల్లిగడ్డలు కోస్తుంటాడు, అక్కడ జగిత్యాల దగ్గరి మా ఊళ్లో అత్తమ్మ అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లతో బీడీలు చుడుతుంటుంది. అదే వాళ్ల సంసారం. (నాకప్పటికి పెళ్లి కాలేదు కనుక చూసి నవ్వేవాణ్ని.)

ఒక సెలవు రోజు సాయంత్రం మెస్ హాల్లో సినిమా వేశారు. మా కొత్త ముదీర్, అంటే మేనేజరు, ఫ్రాన్స్ మనిషి. ఆయనదీ ఓడరేవు ఊరేనట. అక్కడి కూలీల బతుకుల మీద తీసిన సినిమాను మా పోర్టు కూలీలకు చూపించి తీరాలని ఆయన ముచ్చట. వారమంతా మేం పడే పాట్లే మళ్లీ తెర మీద చూడడమెందుకో మాకు అర్థం కాలేదు గానీ, చివర్లో సమోసాలుంటాయని వంటమాస్టరు కడప భాయ్ చెప్పడంతో హాలు నిండిపోయింది. మాటలు ఫ్రెంచిలో, కింద అక్షరాలు అరబ్బీలో. మాకు రెండూ ఒకటే.

కాల్ కట్ చేస్తే అత్తమ్మ అలుగుతుందని మామ ఫోన్‌ను చొక్కా జేబులో, కెమెరా పైకి తొంగిచూసేలా పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. లైట్లు ఆర్పగానే నిద్రపోయాడు. తెర మీద చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ ఇరుకు వంటింట్లో కూర్చుని ఏడుస్తోంది. అంతలో, "ఏమయ్యో! ఎవలామె? నువ్వు పండుకుంటె గామె ఎందుకేడుస్తుంది?" అని గట్టిగా వినిపించింది. ఆ తెల్లావిడకు మన జగిత్యాల తెలుగు ఎలా వచ్చిందా అని ఒక్క క్షణం నిజంగానే ఆశ్చర్యపోయాను. (క్యాంపులో చదువుకున్నవాడని నాకు పేరు.) తీరా చూస్తే ఆ మాట వచ్చింది మామ జేబులోంచి.

నేను ఫోన్ లాక్కుని, "అత్తమ్మా, నేను! అది సినిమా!" అన్నాను.

"సినిమల మీ మామ గురక ఎట్లినవడుతదిరా?"

మామ లేచి, కళ్లు నులుముకుంటూ అంజన్న దేవుడి మీద ఒట్టు వేశాడు. ఆమె వినలేదు. "రేపే ఫ్లైటెక్కి ఇంటికి రా. దుబాయ్ ఖలాస్!" అంది. ఏళ్ల తరబడి మామ కాపురం ఆ ఫోన్‌లోనే సాగింది. అది చెడితే బాగుచేసుకోవడానికి పాపం ఆయనకు మరో చోటు లేదు.

కడప భాయ్ లైట్లు వేసి, ఫోన్‌ను హాలంతా తిప్పాడు. "మీ ఆయన మంచోడక్కా! సూడు, యెంతమందిమి ఉండామో! ఇది సినిమానే." అందరం చేతులూపాం.

"సినిమా అయితె ఆఖరుదాక సూపెట్టుండ్రి. అప్పుడు నమ్ముత," అంది అత్తమ్మ.

ఫోన్‌ను ఒక కుర్చీలో, నీళ్ల సీసాకు ఆనించి తెరకేసి నిలబెట్టాం. (మా శ్రద్ధ చూసి ముదీర్ మురిసిపోయాడు.) అక్కడినుంచే సినిమా మాకు అర్థం కాసాగింది. చెప్పింది అత్తమ్మే, బీడీలు చుడుతూనే. చేపల ఫ్యాక్టరీ గేటుకు తాళం పడగానే, "అయ్యో, కంపిని బందువెట్టిండ్రు! ఇగ ఈమె ఏం తినాలె?" అంది. పని తక్కువైన వారాలు ఎన్నో చూసిన బీడీల ఆడవాళ్లకు అందులో తెలియనిదేముంది! సినిమాలోని టాక్సీ డ్రైవరును మాత్రం అరుగంతా మొదటినుంచీ అనుమానించింది. వాడు చివరికి దొంగే అని తేలినప్పుడు మా హాల్లో చప్పట్లు మోగాయి.

ఆఖర్న, ఆ ఏడ్చినావిడ భర్త, ఓడల్లోంచి మూటలు దించే మనిషి, నడుము పట్టుకుని ఇంటి మెట్లెక్కాడు. తలుపు ముందు ఆగాడు. నిటారుగా నిలబడి, ముఖాన నవ్వు తెచ్చుకుని లోపలికి వెళ్లాడు. అత్తమ్మ మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, నువ్వు ఏసీల పనిజేస్తనంటివి గదా. కూర దించేటప్పుడు నువ్వు గూడ గట్లనే నడుం పట్టుకుంటవేంది?"

మామ తల వంచుకున్నాడు. "ఏసీ ఉంటదే... క్రేన్ నడిపేటోనికి."

"మరి గా క్రేన్ నడుపుడు నేర్సుకోరాదు?" అంది అత్తమ్మ, ముక్కు ఎగబీలుస్తూ. హాలంతా ఘొల్లుమంది. మామా నవ్వాడు. రేపటి ఫ్లైటు మాట మళ్లీ రాలేదు.

ఆ సలహా మామ వయసుకు పనికిరాలేదు గానీ నాకు పనికొచ్చింది. ఇప్పుడు అబుదాబికి పడమట రువైస్‌లో క్రేన్ నడుపుతున్నాను. నిజమైన ఏసీ, ఒక్కోసారి చలేస్తుంది కూడా. పెళ్లి చేసుకున్నది మామ కూతుర్నే, ఆ రోజు అరుగు మీద సినిమా చూసినవాళ్లలో ఆమే ఒకతె. సెలవు రోజున కాల్ కలపగానే, "ఏం పని జేసినవ్ బావా?" అంటుంది. "ఏసీలనే కూసున్ననే," అంటాను. పచ్చి నిజం. క్యాబిన్‌లోకి ఫోన్ తేనివ్వరు కనుక చూపించే వీలు లేదు. ఆమె నా ముఖంలోకి పట్టిపట్టి చూసి, "మా నాయిన గూడ గట్లనే అనేటోడు. ఏదీ, ఒకసారి లేచి నడువు, సూస్త," అంటుంది.

లేచి నడుస్తాను. ఎంత మామూలుగా నడుద్దామన్నా, ఆమె చూస్తోందనేసరికి నడుము దానంతటదే ఆ సినిమా మనిషిలా నిటారుగా అయిపోతుంది. ఇక ఆమె అనుమానం తీరేదెలా!