మెదక్ ఈతకల్లుకు రెండోసారి మార్కులు

ఆదివారం పొద్దున ఐదూ పదికి కదలాల్సిన మెదక్ బస్సు సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండు నుంచి ఐదూ ఇరవై రెండుకి కదిలింది. మామూలుగా నేను కల్లు రుచి చూడటానికి పోయే రోజుల్లో పన్నెండు నిమిషాలు పెద్ద లెక్కలోకి రావు. ఆ రోజు మాత్రం వచ్చాయి. తొమ్మిదిన్నరకు మెదక్ పక్కన గౌడుల సంఘం మీటింగు ఉంది. యాదయ్య అనే గీత కార్మికుడికి ఈతచెట్లు ఉంచాలా, తీసేసి వేరే వాళ్లకు ఇవ్వాలా అన్నది అందులో తేలుతుంది. ఆ మీటింగు పెట్టించింది నేను రాసిన ఐదు వాక్యాలు.

కొత్తగా చదివేవారి కోసం రెండు మాటలు. నేను బాలానగర్‌లో ఒక వేబ్రిడ్జి దగ్గర లారీల తూకం రాసుకునే ఉద్యోగిని. సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి తాటికల్లు, ఈతకల్లు రుచి చూసి, మన వాట్సప్ గ్రూపులోని మూడు వందల అరవై మందికి మార్కులు రాసి పంపుతాను. వాసనకు ఐదు, రుచికి ఐదు, చిక్కదనానికి ఐదు, తాగాక గొంతులో మిగిలేదానికి ఐదు. ద్రాక్షతోటల వాళ్లు పండు తీపి చూసుకునే చిన్న గొట్టం ఒకటి కూడా నా సంచిలో ఉంటుంది. దాని అద్దం మీద రెండు చుక్కలు వేసి వెలుతురులోకి చూస్తే చక్కెర తీపి ఎంతో అంకె కనిపిస్తుంది. సాక్రిన్ తీపి దానికి అందదు.

డిసెంబరులో యాదయ్య కల్లు గురించి నేను రాసింది ఇది: "గొట్టంలో తీపి ఆరు. నాలుకకు పన్నెండు. మిగతా ఆరు ఎక్కడిది? సాక్రిన్ తప్ప వేరే దారి నాకు తోచలేదు. ఇరవైకి నాలుగు మార్కులు." అది గ్రూపు దాటి మెదక్ దాకా పోయింది. నెల తిరక్కముందే ఆయన భార్య సత్తమ్మ ఫోన్ చేసింది.

"లెక్కల సారేనా? మా ఇంటాయన కల్లుల సాక్రిన్ ఏసిండని రాసింది నువ్వేనా?"

అవునన్నాను.

"అయితే ఆదివారం రా. సంఘపోళ్లు కూసుంటుండ్రు. అందరి ముంగట తాగి చెప్పు. ఏసిండంటే ఏసిండను, లేదంటే లేదను. గంతే."

పోవాల్సిందే అనుకున్నాను. నేను తప్పు రాశానని మాత్రం అనుకోలేదు. పరీక్ష న్యాయంగా ఉండాలంటే పోయినసారి ఏం చేశానో ఒక్కటీ పొల్లుపోకుండా అలాగే చెయ్యాలని నిర్ణయించుకున్నాను. ఆ రోజు ఏ టిఫిను తిన్నానో, ముందు ఏ కల్లు అమ్మే మండువలో తాగానో, తర్వాత నోట్లో ఏం వేసుకున్నానో అంతా రాసి పెట్టుకున్నదే.

బస్సులో నా పక్కన చర్చి ప్రార్థనకు పోతున్న ఒక పెద్దామె కూర్చుంది. దుండిగల్ దాటాక నా మోకాలి వంక చూసింది.

"అన్నా, గా కాలు ఊపుడు జర ఆపరాదే? నా ఒళ్లె టిఫిన్ డబ్బ ఊగుతుంది."

ఆపాను. ఐదు నిమిషాలకు మళ్లీ మొదలైంది కాబోలు, ఆమె డబ్బా తీసి కాళ్ల దగ్గర పెట్టుకుంది.

నర్సాపూర్‌లో ఆరూ నలభై రెండుకి ఆగాం. పది నిమిషాలన్న చాయ్ ఇరవై రెండు నిమిషాలు సాగింది. నేను మూడుసార్లు దిగి ఎక్కాను. మూడోసారి కండక్టరు గ్లాసు కింద పెట్టాడు.

"ఏంది సారూ, కాన్పు కేసా? కూసోండ్రి, వస్తున్నం."

మెదక్ చేరేసరికి ఎనిమిదీ పదిహేను. పోయినసారి ఏడూ నలభైకే చేరాను. ఈ ముప్పై అయిదు నిమిషాలు ఎందుకు ముఖ్యమో చెప్పాలి. కల్లు చెట్టు దిగినప్పటి నుంచి ఊరుకోదు, పులుస్తూనే ఉంటుంది. ఏడున్నరకు తియ్యగా ఉన్నది పదకొండుకు పుల్లగా మారుతుంది. గంట రాయకుండా కల్లుకు మార్కులు రాయడం, లారీ నంబరు రాయకుండా తూకం రాయడం లాంటిదే. బస్టాండు ఎదురుగా పోయినసారి తిన్న బండి దగ్గరే రెండు ఇడ్లీలు, ఒక చాయ్ నిలబడే ముగించి, రామాయంపేట రోడ్డుకు ఆటో ఎక్కాను. సలీం అనే డ్రైవరు అద్దంలో నన్నే చూస్తున్నాడు.

"ఘడీ ఘడీకి వాచ్ చూస్తున్నరు. కల్లు ఏడికి పోతది భాయ్? చెట్టు మీదనే ఉంటది కదా."

"చెట్టు దిగినంక ఆగదు."

"మా చాచా బీపీ మాట్లాడినట్టే మాట్లాడుతున్నరు," అన్నాడు.

మొదటి మండువ ఊరు దాటి మూడు కిలోమీటర్ల దగ్గర రోడ్డు పక్కనే ఉంది. ఎనిమిది రాతి బల్లలు, మీద తాటాకుల పందిరి. ఈ దారిలో పోయేవారు ఇక్కడ ఆగకపోయినా నష్టం లేదు. కల్లు బాగా పులిసింది, ముంత అడుగున నిన్నటిది కలిసిందేమో అనిపించింది. గొట్టంలో నాలుగు. మార్కులు తొమ్మిది. పోయినసారీ ఇంతే. పులుపు నాలుక వెనక పట్టుకుని వదలదు. పందిరి చివర ఒక ముసలమ్మ గంపలో ఉడకబెట్టిన గుడాలు, ఉప్పు కారం అద్దిన ఉసిరికాయ ముక్కలు అమ్ముతుంది. డిసెంబరులో నోరు బాగు చేసుకోవడానికి నాలుగు ముక్కలు నమిలాను. ఇప్పుడూ నాలుగే నమిలాను. నీళ్లు తాగితే నాలుక తీరు మారుతుందని అప్పుడు తాగలేదు, ఇప్పుడూ తాగలేదు. అక్కణ్నుంచి యాదయ్య మండువకు నడిచి పోతే పది నిమిషాలు. దార్లోనూ ఒక ముక్క చప్పరిస్తూనే ఉన్నాను.

యాదయ్య మండువ చేరేసరికి తొమ్మిదీ ముప్పై రెండు. ఒక రేకుల కప్పు, ఆరు బెంచీలు, వెనక ఈతవనం. ఆదివారం పొద్దున అక్కడ హైదరాబాదు కార్లు వరసగా ఉండేవి. డిసెంబరులో నేనే పద్నాలుగు లెక్కపెట్టాను. ఆ రోజు ఒక్కటీ లేదు. తొమ్మిది మంది సంఘం వాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. నడుమ సంఘం పెద్ద కిష్టయ్య గౌడ్, భుజం మీద కండువా.

సత్తమ్మ ఎదురొచ్చింది. యాభై ఏళ్లుంటాయి. కొంగు నడుముకు దోపి ఉంది.

"వచ్చినవా? మంచిది. నీ కోసమే ఒక్క చెట్టు ఆపినం. నీ కండ్ల ముంగటనే దించుతడు చూడు."

యాదయ్య నా వైపు చూడలేదు. నడుముకు మోకు బిగించి ఎక్కాడు, కల్లు పట్టే లొట్టి దించాడు, కొత్త ముంతలో పోసి నా ముందు పెట్టి పక్కకు జరిగాడు. చెట్టు మీంచి నా చేతికి రావడానికి నాలుగు నిమిషాలు. మధ్యలో ఎవరి చెయ్యీ పడలేదు.

గొట్టంలో చూశాను. ఆరు. తాగాను. పోయినసారి ఎంత తియ్యగా ఉందో అంతే తియ్యగా ఉంది. రెండో గుక్క తాగాను. అదే.

నాకు తోచింది చెప్పడమే కదా నేను వచ్చిన పని. "పోయినసారి లెక్కనే ఉంది. గొట్టంల ఆరు, నాలుకకు పన్నెండు," అన్నాను.

కిష్టయ్య గౌడ్ కండువా సర్దుకున్నాడు.

"అంటే ఏంది సారు? చెట్టు మీదికెక్కి సాక్రిన్ ఏసిండంటవా?"

వెనక నుంచి ఒకాయన, "ఏసుండొచ్చు గదనే. మీద ఏం జేసిండో ఎవలు చూసిండ్రు?" అన్నాడు.

యాదయ్య అప్పుడు మోకు విప్పాడు. చుట్టలుగా చుట్టి, గీత కత్తి తీసి దాని పక్కన నేల మీద పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎక్కుతున్నాడని సత్తమ్మ ఫోన్లో చెప్పింది. ఆ కత్తి అలా నేల మీద పెట్టడం చూశాక నా చేతులు ఆగలేదు. అద్దం తుడిచి మళ్లీ చుక్కలు వేశాను. ఆరే. మూడోసారీ ఆరే.

సత్తమ్మ నా ముందుకొచ్చి నోటి వంక వంగి చూసింది.

"సారూ, నీ పండ్ల సందుల గదేంది?"

"ఏం లేదు."

"గట్లెట్ల లేదు, పచ్చగ కనవడుతుంది. ఏం తిని వచ్చినవ్?"

"నోరు మంచిగ గావాలని జర ఉసిరికాయ..."

మాట పూర్తి కాలేదు. ఆమె చేతులు రెండూ నడుము మీద పెట్టుకుంది.

"ఓ కిష్టయ్య బావా, ఇన్నవా? సారు ఉసిరికాయ తిని కల్లు తాగుతుండు! ఉసిరికాయ తిని బోరింగు నీళ్లు తాగినా షర్బతు లెక్కనే ఉంటయి గద!" బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి నా చేతిలో పెట్టింది. "తాగు. అందరి ముంగట తాగి చెప్పు, దీంట్ల గూడ సాక్రిన్ ఏసిన్నా?"

తాగాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి.

నాకు తెలియని సంగతి కాదు. బడి గేటు దగ్గర ఉసిరికాయ తిని నీళ్లకు పరుగెత్తిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఈ గడ్డ మీద ఆ సంగతి తెలియని మనిషి ఉండడు. కానీ నా తీసివేతలో పన్నెండులోంచి ఆరు పోతే ఆరు కచ్చితంగా వచ్చింది. అది కచ్చితంగా వచ్చేసరికి ఆ పన్నెండు ఎక్కడిదని నేను అడగలేదు.

"నీళ్లు గూడ తియ్యగనే ఉన్నయి. తప్పు నాది. నేను రాసింది తప్పు," అన్నాను.

బెంచీల మీద నవ్వులు లేచాయి. ఎవరో "సారుకు నీళ్లకు గూడ మార్కులెయ్యమనుండ్రి" అన్నారు. కిష్టయ్య గౌడ్ కూడా నవ్వాడు. యాదయ్య నవ్వలేదు.

నలభై అయిదు నిమిషాలు ఆగుతానన్నాను. సత్తమ్మ మరమరాలు తెచ్చింది. అవి నములుతూ, నీళ్లు పుక్కిలిస్తూ ఈతచెట్ల మధ్య అటూ ఇటూ తిరిగాను. నీళ్లు నీళ్లలాగే అనిపించినప్పుడు పదీ ఇరవై అయింది. అదే లొట్టిలోంచి మళ్లీ పోయించుకుని తాగాను. తేలికైన తీపి, దాని వెంటనే పులుపు. ఈతకల్లు అలాగే ఉండాలి. గొట్టంలో ఐదున్నర, నాలుకకూ అంతే. రుచికి నాలుగున్నర, చిక్కదనానికి నాలుగు, గొంతులో మిగిలేదానికి నాలుగు, వాసనకు రెండున్నర. మొత్తం పదిహేను.

"పదిహేనేనా? గింత బద్నాం చేసి పదిహేనే ఏస్తవా?" అంది సత్తమ్మ.

"వాసన తక్కువుందమ్మా. లొట్టి సరిగ కడగలే."

ఆమె నోరు తెరిచింది కానీ, యాదయ్య మొదటిసారి మాట్లాడాడు. "నిజమే. పక్షం రోజుల సంది మంచిగ కడుగుతలేను. తాగెటోళ్లే రాకపాయె. ఎవల కోసం కడుగుడు?"

మార్కు మాత్రం మార్చలేదు. మార్చి ఉంటే ఆయనే నమ్మేవాడు కాదు.

పదీ నలభైకి కిష్టయ్య గౌడ్ లేచాడు. "చెట్లు యాదయ్యకే ఉంటయి. సంఘం తరఫున అయిపోయింది. కార్లల్ల వచ్చెటోళ్ల సంగతి మాత్రం మాతోని కాదు సారు. గది నువ్వే చూసుకో."

అక్కడే నిలబడి గ్రూపులో రాశాను. ఉసిరికాయ సంగతి దాచలేదు. పంపాక గంటసేపు ఫోను చూస్తూనే ఉన్నాను. డిసెంబరు మాటకు తొంభైకి పైగా జవాబులొచ్చాయి. ఈ మాటకు పదకొండు, అందులో తొమ్మిది నవ్వుతున్న బొమ్మలు. వెళ్లేటప్పుడు సత్తమ్మ ఒక లీటరు సీసా నింపి ఇచ్చి, "మూత గట్టిగ పెట్టకు, ఎగిరిపోతది" అంది.

మెదక్‌లో అన్నం, పప్పుచారు తిని ఒంటిగంటా పదికి బస్సెక్కాను. నా పక్కన ముప్పై ఏళ్ల కుర్రాడు కూర్చున్నాడు. నర్సాపూర్‌లో మొబైల్ రిపేరు షాపు ఉందట. కౌడిపల్లి దగ్గర నా సంచిలోంచి సుయ్యిమని చప్పుడు విన్నాడు.

"కల్లా అన్నా? ఏడ తెచ్చినవ్?"

"రామాయంపేట రోడ్డు, యాదయ్య మండువ."

"అరె, ఆయన సాక్రిన్ ఏస్తడు గదనే! ఎవలో లెక్కల సారు మిషన్ పెట్టి పట్టిండంట."

ఆ సారు నేనేనని చెప్పాను. జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. గొట్టం తీసి చూపించాను. అతను గొట్టం చూశాడు, సీసా చూశాడు.

"మరి సీసా వాళ్లే ఇచ్చిండ్రా?"

"అవును."

"ఊఁ," అన్నాడు.

నర్సాపూర్‌లో బస్సు ఆగింది. వదలబుద్ధి కాలేదు. అతనితో దిగి, బస్టాండు బయట నీళ్ల ప్యాకెట్టు కొనిచ్చి నోరు పుక్కిలించమన్నాను. కాగితం కప్పులో కల్లు పోశాను. అతను నిమ్మళంగా తాగాడు. పెదాలు తుడుచుకున్నాడు.

"మంచిగుందే. నిజం చెప్పాలంటే మస్తుంది."

"చూసినవా?"

"ఇయ్యాల ఏసి ఉండడు," అని కప్పు పారేసి షాపుకు పోయాడు.

కండక్టరు కేకేస్తే పరుగెత్తి ఎక్కాను. ఈ ప్రయాణం మీద నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పాలంటే, మెదక్ ఈతకల్లు తాగడానికి పోదగిన చోటు యాదయ్య మండువే. తొమ్మిదిలోపు చేరండి, నోరు ఉత్త నీళ్లతో కడుక్కుని తాగండి. మార్కులు పదిహేను, రేపు లొట్లు కడిగితే ఎక్కువే రావచ్చు. ఇక రెండో లెక్క. ఆ కుర్రాడికి చెప్పడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది, సగమే నమ్మాడు. గ్రూపులో మూడు వందల అరవై మంది. ఒక్కొక్కరికి నలభై చొప్పున పద్నాలుగు వేల నాలుగు వందల నిమిషాలు, అంటే రెండు వందల నలభై గంటలు. తిండీ నిద్రా లేకుండా పది రోజులు. వాళ్లు ఎవరెవరికి పంపారో వాళ్ల లెక్క నా దగ్గర లేదు.

బస్సు కదిలింది. ఖాళీ అయిన పక్క సీట్లో కూరగాయల సంచితో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన సంచి సర్దుకునేదాకా ఆగాను.

"అన్నా, మీరు మెదక్ దిక్కు కల్లు ఎప్పుడన్న తాగిండ్రా?" అని అడిగాను.