కొండెక్కిన క్రిస్మసు దీపాలు

చీకటిని బేరమాడి కొన్న వర్తకుడు ఈ గోదావరి జిల్లాలో నేనొక్కడినే. అదీ పండుగనాటికి, అదీ పరాయివాళ్ల పండుగకి, అదీ చెప్పిన ధరలో సగానికి. ఆ బేరంతో ఎదురింటి మంచి మనిషిని ఊరు దాటించాను కూడా. నవ్వు వచ్చినంతసేపు నవ్వుకోండి, మిగతాది నేను చూసుకుంటాను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. రాజమండ్రికి కోరుకొండ వైపున్న మా ఊళ్లో మాది నూనెల కొట్టు. ఎదురిల్లు మిషను బడి మాస్టారు యోహానుగారిది. ఆయన మతం పుచ్చుకుని రెండేళ్లే అయింది. అన్నగారు మాత్రం ఇంకా కోరుకొండ మీది నరసింహస్వామి గుళ్లో పూలదండలు కడుతుండేవాడు. అందుచేత మిషను దొరగారికి మాస్టారి మీద ఎప్పుడూ ఓ కన్ను. ఆ యేడు పండుగ ప్రార్థన మాస్టారింటి అరుగు మీద పెట్టించారు. సవ్యంగా జరిగితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఎగువ మన్యంలో బడికి బదిలీ అన్నారు.

అలంకారానికి దొరగారు ఇరవై నాలుగు రంగు గాజు గిన్నెలు పంపించారు. వాటిని ఇనుప తీగకి వరసగా వేలాడదీసి, అడుగున నీళ్లు, పైన ఆముదం పోసి, రేకు బిళ్లకి గుచ్చిన వత్తి తేలవేయాలి. "మంచి ఆముదం కావాలి శెట్టిగారూ. ధర మీరెంతంటే అంత" అన్నారు మాస్టారు. ఆ మాట వింటే మా వంశంలో ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది.

గానుగ దగ్గరికి వెళ్లి సగం ధరకి అడిగాను. రెండుసార్లు కోపం నటించి గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. గానుగాయన చివరికి నీరసంగా నవ్వాడు.

"ఆ ధరకి అడుగు మడ్డే వస్తుందండి. తర్వాత నన్నడక్కండి."

"నిన్నెందుకు అడుగుతానయ్యా" అన్నాను. ఆ మాట ఒక్కటీ ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను.

పండుగనాడు పొద్దు వాలుతుండగా మాస్టారు దొరగారికి ఎదురెళ్లారు. నేనూ, ఆయన భార్య రూతమ్మగారూ దీపాలు వెలిగించాం. మొదటి దీపం నశ్యం పీల్చిన తాతగారిలా రెండు తుమ్ములు తుమ్మి ఊరుకుంది. రెండోదీ అంతే. ఇరవై నాలుగో దాన్ని ముట్టించేసరికి మొదటి ఇరవై మూడూ పొగ చూరి నిద్రపోతున్నాయి.

"వత్తి లావైందమ్మా" అన్నాను. సన్నవి వేశాం. పొగ ఎక్కువైంది.

"గాలి" అన్నాను. దుప్పటి అడ్డం కట్టాం. దుప్పటి నల్లబడింది.

"తీగ వంకరగా ఉంది." లాగి బిగించాను. మూడు గిన్నెలు నేల మీద పడి పగిలాయి.

"శెట్టిగారూ, ఓసారి నూనె చూడకూడదాండీ?"

"నూనెకేంటమ్మా, మా కొట్టు నూనె. ఎర్ర గాజుకి వేడెక్కువ, దాని పక్కన పచ్చగాజు పనికిరాదు" అన్నాను. గాజు గురించి నాకు తెలిసిందల్లా గాజులు అడగొద్దని మా ఆవిడకి చెప్పడం ఒక్కటే. రూతమ్మగారు నా వంక ఓ చూపు చూసి, కొత్త వత్తులు చేయడానికి లోపలికి వెళ్లారు.

ఇంతలో బండి గంటలు వినిపించాయి. గిన్నెల అడుగున నల్లటి మడ్డి గడ్డకట్టి ఉంది. గబగబా అన్నీ విప్పి, బుట్టలో పెట్టి, మా కొట్టులో బస్తాల వెనక దాచి వచ్చాను. కడిగి మంచి నూనె పోసి పావుగంటలో తెద్దామనే. దొరగారు ఆ పావుగంట ఇవ్వలేదు.

ఆయన బోసి తీగని చూశారు. తెలుగు పుస్తకాల్లో నేర్చిన మనిషి. "దీపములేవి?" అన్నారు.

మాబోటి ఇళ్లలో దీపం ఆరిందనరు, అశుభం. పండుగపూట మరీను. అందుకని మర్యాదగా చెప్పాను: "కొండెక్కాయండి."

దొరగారి ముఖం గంధకంలా మండింది. "ఏ కొండ? కోరుకొండయేనా?"

మాస్టారు కంగారుపడ్డారు. "అయ్యో, ఆరిపోయాయని అర్థమండి. మాట వరసండి."

"ఆరిన దీపము ఇచ్చటనే యుండవలెను గదా. గిన్నెలేవి?"

మాస్టారు నావైపు తిరిగారు. "శెట్టిగారూ, చెప్పండి."

బుట్ట తెస్తే మడ్డి బయటపడుతుంది. మడ్డి బయటపడితే కొట్టు పరువు పోతుంది. దొరగారు నన్నే అడిగారు: "కొండ యనగా కొండయే గదా?"

"కొండంటే కొండేనండి" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు, గమనించండి.

మర్నాడు పొద్దున్నే గిన్నెలు తళతళలాడేటట్టు కడిగి, ఎవరూ చూడకుండా అరుగు మీద పెట్టి వచ్చాను. దొరగారు వాటిని చూసి, "కొండ దిగి వచ్చినవి. స్నానము కూడ చేసినవి" అన్నారట. మాస్టారి బదిలీ ఖాయమైంది.

వెళ్లే రోజు మాస్టారు కొట్టుకి వచ్చి శేరు ఆముదం అడిగారు. "మన్యంలో దొరుకుతుందో లేదో" అన్నారు. ధర అడగలేదు. "మంచిదే కదా శెట్టిగారూ?" అని మాత్రం అడిగారు. మంచిదే పోశాను. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచి, "పాత్ర మూత గట్టిగా బిగించండి" అన్నాను.

అప్పటినుంచి మా ఇంట్లో దీపం ఆరితే ఆరిందనే అంటాను. మా ఆవిడ చెవులు మూసుకుంటుంది. మా నూనె కుండలన్నిటి మీదా ఒట్టు, నేను బతికుండగా ఏ దీపాన్నీ ఏ కొండా ఎక్కించను.

ఇక లెక్క. మడ్డి మీద మిగిలింది రెండణాలు. పగిలిన మూడు గిన్నెలకి, అరుగు మీద నా కాలికి తగిలి పగిలాయని చెప్పి దొరగారికి కట్టింది నాలుగణాలు. ఎదురింటికి తాళం ఒకటి. "తప్పు నా నూనెదండి" అన్న మాట ఒకటి, ఆ సాయంత్రం ఖర్చుపెట్టకుండా మిగుల్చుకున్నాను. అది ఇంకా నా దగ్గరే ఉంది, అడిగేవాళ్లు లేరు.